మా తవిల్ వాద్యారు

కుంభకోణంలో వాద్యారంటే సాధారణంగా ఇద్దరే. ఒకరు తద్దినం పెట్టించే వాద్యారు, రెండవవారు బళ్ళో చదువు చెప్పే వాద్యారు. మా వీధికి మాత్రం మూడవ వాద్యారొకరున్నారు. ఆయన తవిల్ వాద్యారు. ఆంధ్రదేశంలో డోలు అంటారే, దానికే ఇక్కడ తవిల్ అని పేరు. ఆయనను గురించి మన పత్రికకు నాలుగు మాటలు వ్రాయవలెనని చాలా కాలంగా అనుకొంటున్నాము. ఇన్నాళ్ళూ వ్రాయకపోవడానికి తీరిక లేకపోవడం కారణం కాదు. ఆయన సంగతి వ్రాస్తే మా సంగతి కూడా కొంత వ్రాయవలసి వస్తుంది. అదీ కారణం.

మా పూర్వులు తంజావూరు నాయకరాజుల కాలంలో ఈ సీమకు వచ్చినారని తాతగారు చెప్పేవారు. అందుకు కాగితం, పత్రం ఏమీ లేవు. ఇంట్లో తెలుగు మాట్లాడుకొంటాము, అదే పత్రం. రఘునాథ నాయకుని కాలంలో కట్టిన రామస్వామి కోవెల మా ఊళ్ళోనే ఉన్నది గనుక, చుట్టాలు వచ్చినప్పుడు అది చూపించి కొంచెం గొప్పలు చెప్పుకోవడమూ కద్దు. మా వీధి చివర ఉన్నది మాత్రం అంత ప్రసిద్ధమైన గుడి కాదు. చిన్న శివాలయం. దానికి రెండు మండపాలు, ఒక కోనేరు, ఒక మేళం.

మేళమంటే నిండుగా ఇద్దరు నాదస్వరం, ఇద్దరు తవిల్, తాళం వేసేవాడొకడు, శ్రుతి పట్టేవాడొకడు. మా చిన్నతనంలో మా గుడికి నాదస్వరం ఒకటే, తవిల్ ఒకటే. ఆ తవిల్ మా వాద్యారిది. ఆయన ఇల్లు మా యింటికి మూడిండ్ల అవతల. తెల్లవారుజామున గుడిలో భూపాళం వినిపిస్తే మా అమ్మ లేచి పొయ్యి వెలిగించేది. రాత్రి అర్ధజామపు పూజకు నీలాంబరి వినిపిస్తే నాన్నగారు పుస్తకం మూసి దీపం తగ్గించేవారు. మా యింట్లో గోడగడియారం ఉన్నది గాని దాని మాట ఎవరూ వినేవారు కారు.

తవిల్ ఎరుగనివారికి దాని సంగతి కొంచెం చెప్పవలె. పనస మొద్దును లోపల తొలిచి పీపా వలె చేస్తారు. రెండు ముఖాలకూ తోలు. కుడివైపుది పెద్దది, బిర్రుగా బిగించి ఉంటుంది. ఎడమవైపుది చిన్నది, కొంచెం వదులు. పెద్ద ముఖమే బొంగురుగా పలుకుతుందని అనుకొంటారు గాని, బిగువు మూలాన హెచ్చు స్థాయి పలికేది అదే. ఎడమచేతిలో గంగరావి కర్రతో చేసిన పొట్టి పుల్ల. కుడిచేతి వ్రేళ్ళకు తొడుగులు. గుడ్డపేలికలను పిండి జిగురులో ముంచి వ్రేలికి చుట్టి ఎండబెడితే అవి ఎముక వలె గట్టిపడతాయి. ఆ తొడుగును తమిళంలో ‘కూడు’ అంటారు. తెలుగులో కూడు అంటే ఏమిటో మా నాన్నగారు చెప్పగా విని, వాద్యారు చేతివ్రేళ్ళు చూపించి, “సరిగానే ఉన్నది, మాకిదే కూడు” అని నవ్వినారు. ఇక్కడొక మాట. ఆయనకు వచ్చినది తమిళమే. మా సౌకర్యం కొద్దీ ఆయన మాటలన్నీ తెలుగులో వ్రాస్తున్నాము.

తెలుగు రాదన్నామే గాని, త్యాగరాజస్వామి కీర్తనలు ఆయనకు మాటతో సహా కంఠస్థం. నాదస్వరంలో మాట వినిపించదు గదా, తవిల్ వాయించేవానికి మాటతో ఏమి పని అని మేమనుకొనేవాళ్ళము. ఆయన అట్లా అనుకోలేదు. ఒకయేడు పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారు ఆరాధనకు ఒక మేళంతో కలిసి వెళ్ళవలసి వచ్చింది. అక్కడ ఆనాటి ఉత్సవం నాదస్వరంతోనే ఆరంభమవుతుంది. దానికి నెల రోజుల ముందు నుంచి ఆయన ప్రతి సాయంకాలం మా అరుగు మీద కూర్చుండి పంచరత్న కీర్తనలకు మాటమాటకూ అర్థం అడిగి తెలుసుకొన్నారు. “మాట ఎక్కడ తెగుతుందో తెలియకపోతే దెబ్బ ఎక్కడ పడకూడదో తెలియదు” అనేవారు. నాన్నగారు ఆ నెలరోజులూ ఆఫీసు నుంచి తొందరగా వచ్చేవారు. తెలుగు తెలిసినందుకు మా నాన్నగారిని ఈ ఊళ్ళో మర్యాద చేసిన మనిషి మాకు తెలిసినంతలో ఆయన ఒక్కరే.

వాద్యారు ఆ విద్య నేర్చుకొన్న తీరు ఆయన నోట విన్నాము. ఎనిమిదవ యేట తండ్రి తీసుకొనిపోయి నీడామంగలం దగ్గర ఒక పల్లెలో గురువుగారి ఇంట్లో వదిలిపెట్టినాడు. నీడామంగలం అంటే తవిల్ వాళ్ళకు క్షేత్రం. 1949లో కాలం చేసిన మీనాక్షిసుందరం పిళ్ళైగారి ఊరు. టి. ఎన్. రాజరత్నం పిళ్ళైగారి నాదస్వరానికి ఆయన తవిల్ తోడైతే వినడానికి జనం బండ్లు కట్టుకొని పోయేవారట. గురువుగారు ఆ మహానుభావుని వాద్యం చెవులారా విన్నవారు. ఆ యింట్లో మొదటి యేడు పిల్లవానికి పని ఆవులకు గడ్డి, గురుపత్నికి నీళ్ళు. రెండవ యేటినుంచి తాళం. ఉత్సవాల్లో రాత్రంతా నిలుచుండి తాళం వేయడం. కునుకు వచ్చి తాళం జారితే గురువుగారు వెనుదిరిగి చూచేవారు, అంతే. ఆ చూపు తలచుకొంటే ఇప్పటికీ నిద్ర పట్టదని వాద్యారు అంటారు. ఊరి నుంచి ఊరికి గట్ల మీద నడక. గురువుగారి తవిల్ మోయడం శిష్యుని వంతు. తవిల్ మీద చేయి వేయనిచ్చింది ఎప్పుడో తరువాత. అంతదాకా సాధకమంతా కొయ్యమొద్దు మీదనే.

ఇంత కష్టపడి వచ్చిన విద్యకు గుడి ఏమిచ్చింది? వాద్యారి తాతగారి నాడు కొంత మాన్యం ఉండేదట. అది ఎట్లాగో చేయి జారింది. తరువాత నెలజీతం. ఆ మొత్తం ఇక్కడ వ్రాస్తే చదివేవారు అచ్చుతప్పు అనుకొంటారు. మేము గుమాస్తా మనుష్యులము గనుక లెక్కల మీదికి మనస్సు పోతుంది. తంజావూరు పెద్దకోవెల 1010లో పూర్తయింది. దాని గోడల మీద రాజరాజచోళుడు చెక్కించిన శాసనం ఒక జీతాల పట్టీ. నాలుగువందలమంది నాట్యకత్తెల పేర్లు, వారి ఇండ్లు ఏ వీధిలో ఎన్నవవో, ఒక్కొక్కరికి యేటికి నూరు కలముల వడ్లు వచ్చే భాగం. అదే పట్టీలో పాడేవారికీ వాయించేవారికీ కూడా భాగాలు వ్రాసి ఉన్నాయి. వెయ్యేండ్ల క్రిందటి ఆ గుమాస్తా ఎవరో గాని, డప్పు కొట్టేవాని పేరు కూడా విడిచిపెట్టలేదు.

మేము ఆయన దగ్గర చేరింది 1989లో. చేరడమంటే ఎవరూ చేర్చలేదు. బడి విడిచినాక ఆయన వాకిట నిలుచునేవాళ్ళము. ఒకనాడు లోపలికి పిలిచి, చింతమొద్దు ముందర కూర్చుండబెట్టి, చేతికి పుల్ల ఇచ్చినారు. త, ధి, తోం, నం. నాలుగే నాలుగు మాటలు. నాలుగు నెలలు అవే. తరువాత లెక్క. మూడుకు తకిట, నాలుగుకు తకధిమి, అయిదుకు తకతకిట, ఏడుకు తకిట తకధిమి. నోటితో చెప్తూ, చేత తాళం వేస్తూ, వీధిలో నడుస్తూ కూడా అదే ధ్యాస. ఈనాడు ఆఫీసులో పెద్ద మొత్తాలను మేము కాగితం లేకుండా కూడుతున్నామంటే అది బడి పుణ్యం కాదు.

తప్పు వేస్తే ఆయన కొట్టరు, తిట్టరు. లేచి వెళ్ళి పెరట్లో అరటిచెట్టుకు నీళ్ళు పోసి వచ్చేవారు. ఆ చెట్టుకు మా మూలంగా నీటికి ఏనాడూ కొదువ లేదు.

మా నాయనమ్మకు ఇది గిట్టలేదు. “తోలు ముట్టి వచ్చినావు, బావి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కొని లోపలికి రా” అనేది. తోలు కాదు నాయనమ్మా, కొయ్య అని చెప్పినా వినేది కాదు. “ఈనాడు కొయ్య, రేపు తోలు” అనేది. ఆ మాట నిజమే గనుక మేము ఊరుకొనేవాళ్ళము. ఆమెను తప్పుపట్టడానికి వ్రాయడం లేదు. స్వామి ముందర మ్రోగే తోలు పవిత్రం, దానిని మ్రోగించే చేయి మాత్రం అరుగు దాటి రాకూడదు. ఆ కాలంలో ఇది ఆమె ఒక్కతె నమ్మకం కాదు. ఇప్పుడు లేదని గుండె మీద చేయి వేసుకొని చెప్పలేము.

ఆ మూడేండ్లలో మేము నేర్చినది చేతి పని కొంత, కంటి పని కొంత. రెండవదానిని గురించి చెప్పవలె. ఉత్సవమూర్తి బయటికి వచ్చేటప్పుడు మల్లారి వాయిస్తారని మన వారికి తెలుసు. గంభీరనాటలో, మాట లేకుండా, నాదస్వరానికే ఏర్పడినది. దానికి ముందు తవిల్ ఒక్కటే అలారిప్పు వాయిస్తుంది. స్వామి బయలుదేరుతున్నాడని ఊరికి తెలిపే మాట అది. ఆ వేళ వాద్యారి కన్ను చేతి మీద ఉండదు. పల్లకి మోసేవారి మోకాళ్ళ మీద ఉంటుంది. బోయీలు భుజం మార్చుకొంటుంటే నడ ఆగుతుంది, అడుగు పడితే నడ సాగుతుంది, వీధి మలుపులో మూర్తి తిరిగేదాకా అక్కడక్కడనే చుట్టుతుంది. గర్భగుడి ముందర తెర ఉన్నంతసేపు ఒక తీరు, తెర తొలగి హారతి లేచిన క్షణానికి మరొక తీరు. అర్చకుని మోచేయి చూచి ఆ క్షణం పట్టుకోవలె. “చెవి నాదస్వరానికి, చేయి తాళానికి, కన్ను స్వామికి. నీకు మిగిలేది ఏమీ లేదు” అని ఆయన చెప్పిన మాట అప్పుడు అర్థం కాలేదు.

1992లో పదవ తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. మా మేనమామగారు వచ్చి, “గుమాస్తా పనికి మేళం దేనికి? రేపు పిల్లనిచ్చేవారు అడిగితే ఏమని చెప్తారు?” అన్నారు. నాన్నగారు మాట్లాడలేదు. అప్పటికి మా పాఠం ఖండ నడలో ఉన్నది. ఒక సాయంకాలం మేము వెళ్ళలేదు. మరునాడూ వెళ్ళలేదు. సెలవు తీసుకొంటున్నామని చెప్పడానికైనా వెళ్ళవలసింది, వెళ్ళలేదు. ఆయన ఇల్లు మూడిండ్ల అవతల గదా, ఆ దారిన పోక వెనుక సందు నుంచి చుట్టు తిరిగి బడికి పోయేవాళ్ళము. ఆయన ఒకనాడైనా మా యింటికి వచ్చి పిల్లవాడు ఏమైనాడని అడగలేదు.

1995లో మా అక్కయ్య పెండ్లి. మేళం మాట్లాడింది మేనమామగారు. వాద్యారే వచ్చినారు. బేరం చాలాసేపు సాగింది. పెండ్లినాడు మేళం వారికి ఆఖరు పంక్తిలో వడ్డించినారు, అప్పటికి పాయసం అయిపోయింది. అది అట్లుండగా ముహూర్తం వచ్చింది. పురోహితుడు చేయి ఎత్తగానే గట్టిమేళం మొదలైంది. తాళి కట్టే వేళ తుమ్ము, ఏడుపు, చెడ్డమాట ఏదీ చెవిని పడకూడదనే గదా గట్టిమేళం. మూడు ముళ్ళూ పడ్డాయి, అక్షతలు వేసినారు. మేళం ఆగదే! పురోహితుడు చేయి దించి చాలా సేపయింది. నాదస్వరమూ ఆగింది. తవిల్ ఒక్కటే ఉధృతంగా సాగుతున్నది. జనం ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నారు. మేనమామగారు లేచి, “ఏమయ్యా, నీకు తెలియదా, ఆపవయ్యా” అని కేక వేసినారు. ఆ కేక కూడా వినబడలేదు. మరి కొంతసేపటికి తవిల్ దానంతట అదే ఆగింది. సాయంకాలం లెక్క తీర్చేటప్పుడు, నలుగురిలో తలవంపులు చేసినాడని మేనమామగారు యాభై రూపాయలు తగ్గించి ఇచ్చినారు. వాద్యారు ఎంచుకొని అంగవస్త్రంలో ముడి వేసుకొని వెళ్ళిపోయినారు.

జరిగిన సంగతి మాకు తెలిసింది మూడవనాడు. నాదస్వరం వాయించిన పెద్దాయన బజారులో కనబడి నాన్నగారితో చెప్పినారు. తాళి కట్టే సమయానికి స్తంభం వెనుక కూర్చున్న మా నాయనమ్మ పక్కకు ఒరిగి పడిపోయింది. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు అయ్యో అయ్యో అని ఏడుపు అందుకొన్నారు. అందరి కళ్ళూ పెండ్లికూతురి మీద ఉన్నాయి. అది చూచింది తవిల్ వాయించే మనిషి ఒక్కడే. ఆమెను లోపలికి మోసుకొనిపోయి తలుపు వేసేదాకా ఆయన చేయి ఆపలేదు. నాయనమ్మకు పొద్దున్నుంచి పస్తుండడం వల్ల వచ్చిన తలతిరుగుడే, మజ్జిగ త్రాగి లేచి కూర్చుంది. ఆ ఆడవాళ్ళు ముహూర్తపు వేళ అపశకునమని పేరు వస్తుందని భయపడి నోరు విప్పలేదు.

ఆ రాత్రి నాన్నగారు మమ్మల్ని వెంటబెట్టుకొని వాద్యారి ఇంటికి వెళ్ళినారు. మూడేండ్ల తరువాత ఆ గడప తొక్కడం. నాన్నగారు నూరు రూపాయలు ఇవ్వబోతే ఆయన యాభై తీసుకొని యాభై తిరిగి ఇచ్చినారు. “మాట్లాడుకొన్నది అంతే” అన్నారు. ఎందుకు చెప్పలేదయ్యా అంటే, “చెప్తే వాయించినది దండుగ గదా” అన్నారు. తరువాత నాన్నగారి వెనుక నిలుచున్న మా వైపు చూచి, “తంబీ, లెక్కలు బాగా వస్తున్నాయా?” అని అడిగినారు. వస్తున్నాయన్నాము. అంతకన్న మాట్లాడడానికి నోరు రాలేదు. నాయనమ్మ మాత్రం ఆ తరువాత బ్రతికినన్నాళ్ళూ పండుగ పిండివంటలలో మొదటి ఆకు ఆయన ఇంటికి పంపించేది. తాను ఆ యింటికి ఎన్నడూ పోలేదు, అదీ నిజమే.

మేము మెట్రిక్యులేషన్ ముగించి ఒక ధాన్యం మండీలో గుమాస్తాగా చేరినాము. ఏండ్లు గడిచిపోయినాయి. మేళాలకు మంచికాలం రాలేదని చెప్పడానికి లేదు. కచేరీ వేదికలెక్కినవారికి పేరు వచ్చింది. మన తెలుగువాడు, కరవది నుంచి వచ్చిన షేక్ చిన మౌలానాగారు మా ఊరికి దగ్గరనే ఉన్న నాచ్చియార్‌కోయిల్ సోదరుల దగ్గర తంజావూరు బాణీ నేర్చి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయినారు. మా పక్కనున్న నరసింగంపేట నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరుపతిలో దేవస్థానం వారు నాదస్వర డోలు పాఠశాల నడుపుతున్నారు. ఇవన్నీ సంతోషించవలసినవే. చిన్న గుళ్ళలో నిత్యపూజకు వాయించేవాని సంగతి వేరు. మా వాద్యారి శిష్యులలో బాగా వచ్చినవాడు సింగపూరు గుడికి వెళ్ళినాడు. సొంత కొడుకు బస్సు కండక్టరు. నాదస్వరం పెద్దాయన పోయినారు. ఆ తరువాత వాద్యారు ఒంటరిగా తవిల్ వాయించేవారు. రాతి మండపాలలో అన్నేండ్లు ఆ శబ్దం మధ్య నిలుచున్న ఫలం, చెవులు మందగించినాయి.

2014లో మా గుడికి యంత్రం వచ్చింది. చూచే ఉంటారు. ఒక మోటారు, దానికి తిరిగే పుల్లలు, ఒక నగారా, గంటలు, తాళాలు. స్విచ్చి వేస్తే అన్నీ ఒక్కసారిగా మ్రోగుతాయి. వీధివారంతా కలిసి చందా వేసుకొన్నాము. ఆ చందా పట్టీ వ్రాసిన చేయి ఎవరిదని అడుగుతారేమో, మాదే. తమిళంలో దస్తూరి బాగుంటుందని మమ్మల్నే వ్రాయమన్నారు. అయిదవ పేరు మాది, అయిదువందల రూపాయలు. వ్రాసేటప్పుడు వాద్యారు గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పము. గుర్తుకు వచ్చినారు. ఆయనకు ముసలితనం, విశ్రాంతిగా ఉంటుందిలే అని సమాధానం చెప్పుకొన్నాము. ఆయనను అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

మొదటినాటి సాయంకాలం ఆయన ఎప్పటివలె స్నానం చేసి, విభూతి పెట్టుకొని, తవిల్ భుజాన వేసుకొని వచ్చినారు. యంత్రం చూచి తవిల్ దించి స్తంభానికి ఆనించినారు. కాపలావాని కొడుకు స్విచ్చి వేసినాడు. కర్పూరం చెమ్మగా ఉన్నది కాబోలు, అర్చకునికి అంటుకోలేదు. యంత్రం మ్రోగుతున్నది. అంటుకొన్నది, హారతి లేచింది, అదే మ్రోత. హారతి చల్లారింది, అందరూ కళ్ళకద్దుకొన్నారు, అదే మ్రోత. కుర్రవాడు కోనేటి దగ్గర ఉన్నాడు, వాణ్ణి పిలుచుకొని వచ్చి ఆపించవలసి వచ్చింది. అప్పుడు వాద్యారు దగ్గరకు పోయి ఆ నగారా మీద అరచేయి ఉంచి, మళ్ళీ వేయమని సైగ చేసినారు. చెవితో వినలేరు గదా, చేతితో విన్నారు. “లయ తప్పలేదు, మంచిదే. కాని తంబీ, దీనికి స్వామి కనిపించడం లేదు” అన్నారు.

గోడకు అంటించిన చందా పట్టీని వ్రేలు పెట్టి మెల్లగా చదివినారు. అయిదవ పేరు దగ్గర వ్రేలు ఆగింది. “అక్షరాలు కుదురుగా ఉన్నాయి” అని, తవిల్ ఎత్తుకొని ఇంటికి వెళ్ళినారు.

తరువాత ఆయనకు వృద్ధ కళాకారుల భృతికి అర్జీ పెట్టించే పని మా తలకెత్తుకొన్నాము. ఎందుకో చెప్పనక్కరలేదు. వయస్సుకు రుజువు లేదని ఒకసారి, గుడివారి సర్టిఫికెట్టు లేదని ఒకసారి అర్జీ తిరిగి వచ్చింది. ఎన్నేండ్ల సేవ అని ఒక గడి ఉన్నది. అడిగితే ఆయన ఏండ్లు చెప్పలేకపోయినారు. ప్రదోషాలు లెక్క వేయమన్నారు. నెలకు రెండు, ఏడాదికి ఇరవైనాలుగు, నలభై అయిదేండ్లకు వెయ్యిన్నీ ఎనభై. ఆ గడిలో అంకె పట్టదు గనుక నలభై అయిదు అనే వ్రాసినాము. మూడవసారి మంజూరైంది.

అర్జీ పనికి పోయేటప్పుడు మా అమ్మాయిని కూడా తీసుకొనిపోయేవాళ్ళము. దానికి పదకొండేండ్లు. మేము కాగితాలు నింపుతుంటే అది మూలనున్న చింతమొద్దు మీద పుల్లతో కొడుతూ కూర్చునేది. మేము వద్దంటే వాద్యారు మా చేయి పట్టుకొని ఆపినారు. వినబడక ఆపినారనుకొన్నాము. ఆయన పిల్ల మణికట్టు చూస్తున్నారు. “పంపించు” అన్నారు. మా యింటావిడ మొదట, “ఆడపిల్లకు తవిలా?” అన్నది. పట్టణాలలో ఇప్పుడు ఆడపిల్లలు వాయిస్తున్నారే అని చెప్పినాము. “వాళ్ళ నాన్న మధ్యలో మానేసినట్లు మానకుండా ఉంటే సరే” అని లోపలికి పోయింది. ఆ మాట ఆమెకు ఎవరు చెప్పినారో తెలియదు, మేమైతే చెప్పలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం అమ్మాయి అక్కడే. ఆయన ఎదురుగా కూర్చుండి దాని చేతులు చూస్తారు. ఎడమ అరచేయి మొద్దు కొసన ఉంచుతారు, అదే చెవి. తప్పు వస్తే లేచి పెరట్లోకి పోవడానికి మోకాళ్ళు సహకరించవు గనుక కళ్ళు మూసుకొంటారు. అమ్మాయి నీళ్ళచెంబు తీసుకొని తానే పోయి చెట్టుకు పోసి వస్తుంది. మొన్న మేము పోయినప్పుడు, “నీవు ఖండ నడలో ఆగినావు” అన్నారు. ముప్పై యేండ్లు దాటింది. మాకు గుర్తున్నదని చెప్పలేదు, తల ఊపినాము.

పోయిన ఆదివారం అటక మీది రేకుడబ్బా దింపించినారు. అందులో పిల్లల వ్రేళ్ళకు పట్టే చిన్న కూళ్ళు ఉన్నాయట, మాకని చేసి ఉంచినవి. మూత తీస్తే అన్నీ పురుగు తిని పొడి పొడి. ఆయన నవ్వి, ఆ డబ్బాను చెట్టు మొదట బోర్లించమని, పిండి ఉడికించమని కోడలితో చెప్పినారు. అమ్మాయికి ఇంకా ఆరు నెలల దాకా మొద్దే గదా, ఇప్పుడెందుకు అన్నాము. వినబడలేదేమోనని చేతితో సైగ కూడా చేసినాము. ఆయన తన కుడిచేయి చాపి మాకు చూపించినారు. వ్రేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. “ఇది ఇంకా ఎక్కువ కాకముందే చేసి ఉంచుతాను” అన్నారు.

ఒక్కొక్క వ్రేలికీ పేలిక చుట్టడానికి చాలాసేపు పట్టింది. ఆరేదాకా దేనినీ ముట్టుకోకూడదని చెప్పి పంపినారు. అమ్మాయి చేయి పైకెత్తి పట్టుకొని వీధి వెంట నడిచింది. ఇంటి తలుపు మేము తీసినాము.